మింగిన మాటలు

ఇందుమతికి గొంతు తిరిగొచ్చిన రోజున ఆమె నోట వచ్చిన మొదటి మాట మొగుడి పేరు కాదు. "పైడిరాజుగారూ, ఈ పట్టీ కాస్త వదులు చెయ్యండి, ఊపిరాడట్లేదు" అంది. ల్యాబులో ఉన్నవాళ్లంతా ముందు నవ్వి, తర్వాత కళ్లు తుడుచుకున్నారు. మొగుడు చంద్రమౌళి కూడా కళ్లు తుడుచుకున్నాడు. కానీ ఆ మొదటి మాట అతనికి ముల్లులా గుచ్చుకుంది.

నిజానికి అందులో తప్పు పట్టాల్సిందేమీ లేదు. ఆమె మెడకు పట్టీ బిగించి, ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుని, "వదినగారూ, ఏదో ఒకటి అనండి, నన్ను తిట్టినా పర్లేదు" అన్నవాడు పైడిరాజు, ల్యాబులో చంద్రమౌళితో కలిసి పనిచేసేవాడు. చంద్రమౌళి గుమ్మంలో నిలబడి గోళ్లు కొరుక్కుంటున్నాడు. ఎదురుగా ఉన్నవాణ్ణి పిలుస్తారు గానీ గుమ్మంలో ఉన్నవాణ్ణి పిలుస్తారా? అంత చిన్న విషయం అర్థం కానంత తెలివితక్కువవాడు కాదతను. అసూయకి తెలివితో పనేముంది?

క్యాన్సర్ రాకముందు ఇందుమతిది విశాఖ ఓడరేవు సిగ్నల్ స్టేషన్లో ఉద్యోగం. లోపలికొచ్చే ఓడలకీ బయటికెళ్లే ఓడలకీ రేడియోలో దారి చెప్పేది. ఏ దేశపు కెప్టెనైనా రెండోసారి వచ్చేసరికి ఆ గొంతు గుర్తుపట్టేవాడు. ఆపరేషన్లో ఆ గొంతు తీసేశారు. తీసేసిన డాక్టరే తిరిగి ఇస్తానని పట్టుబట్టింది. ఆవిడే డాక్టర్ మెహరున్నీసా, ఎండాడ కొండమీది స్వరశాల అనే ల్యాబుకి పెద్ద.

ఆవిడ చేసిన పనిముట్టుకి రెండు భాగాలు. మెడ చర్మం కింద బియ్యపు గింజంత చిప్. మెడ పైన మెత్తటి పట్టీ. మాట్లాడాలనుకున్నప్పుడు నరాల్లో కదిలే కదలికను గింజ పట్టుకుని, వైరు లేకుండా పట్టీకి పంపుతుంది. పట్టీ దాన్ని మాటగా మార్చి, పాత పోర్టు రికార్డింగుల నుంచి నేర్చుకున్న ఇందుమతి సొంత గొంతుతోనే పలుకుతుంది. 

ఒక్కటే చిక్కు. మనిషి నాలుక దాకా వచ్చిన మాటలన్నీ పైకి అనడు. అత్తగారు వండిన కూర మీదా, ఆఫీసరు వేసిన జోకు మీదా ఎన్నో మింగుతాడు. గింజకి ఆ తేడా తెలియదు. కదిలిన ప్రతి మాటనీ పట్టీకి పంపేస్తుంది. ఏది పలకాలి, ఏది మింగాలి అని తేల్చేది పట్టీ. కాబట్టి గింజకీ పట్టీకీ మధ్య ఉన్న ఆ జానెడు గాలిలో, మనిషి ఎవరికీ చెప్పని మాటలన్నీ ప్రయాణం చేస్తుంటాయి. వాటికి గట్టి తాళం వేసి, అంటే దారిలో పట్టుకున్నవాడికి అర్థం కాని లెక్కగా మార్చి పంపాలి.

ఆ తాళం పైడిరాజు రాశాడు. అది పనిచేసే కంప్యూటర్ భాష, పేరు 'పలుకు', చంద్రమౌళి రాశాడు. అంటే చంద్రమౌళి పెళ్లాం మాటలు చంద్రమౌళి ఇంట్లోనే తిరుగుతున్నాయి గానీ, తాళం మాత్రం పైడిరాజుది. ఈ పోలిక ఎవరూ అనలేదు. చంద్రమౌళే అనుకుని, చంద్రమౌళే ఉడుక్కున్నాడు.

పలుకు భాషతో పాటు కొంత సామాను ఉచితంగా వస్తుంది. లెక్కలు చేసేవి, తేదీలు చూసేవి, అక్షరాలు కలిపేవి. దానికి ప్రామాణిక లైబ్రరీ అని పెద్ద పేరుంది గానీ ల్యాబులో అందరూ 'పెట్టె' అనేవారు. పెట్టెలో ఏముండాలో తేల్చేది చంద్రమౌళి. తాళాలు అందులో లేవు. కావాల్సినవాళ్లు బయటి నుంచి తెచ్చుకునేవారు.

ఒకరోజు మెహరున్నీసా మీటింగు పెట్టింది. పలుకు భాషలో గుండె యంత్రాలూ, చెవి యంత్రాలూ, గొంతు పట్టీలూ చేస్తున్న ఆస్పత్రులు ఎన్నో ఉన్నాయి. వాటిలో సగానికి తాళమే లేదట. ఒకాయన ఎవరో కాలేజీ కుర్రాడి ప్రాజెక్టు దించుకుని రోగి గుండెకి తగిలించాడట. 

"తాళాన్ని పెట్టెలోనే పెట్టేద్దామా?" అని అడిగిందావిడ.

పైడిరాజు తల అడ్డంగా ఊపాడు. "తాళమంటే ఇత్తడి బిందె కాదండి, తరతరాలు వాడుకోడానికి. చేపలాంటిది. ఇయ్యాల బాగుంటాది, రేపు వాసనొస్తాది. వాసనొచ్చిన రోజే పారెయ్యాలి. మరి మన పెట్టె ఏడాదికోసారి గానీ మారదు. ఈలోగా ఊరంతా ఆ చేపే తింటాది. బయటుంటేనే మేలండి, సాయంత్రానికి మార్చెయ్యొచ్చు."

"బయట ఉంటే ఎవడు తెచ్చుకుంటాడయ్యా?" అన్నాడు చంద్రమౌళి. "గడియ లేని తలుపు అమ్మి, గడియ బజార్లో దొరుకుద్ది కొనుక్కోండి అంటే ఎంతమంది కొంటారు? తలుపుతో పాటే ఇవ్వాలి. చేతికందితేనే వాడతారు."

అతని వాదన సరైనదే. ఆ గదిలో అందరూ ఒప్పుకున్నారు. పైడిరాజు కూడా కాసేపు బుర్ర గోక్కుని, "అదీ నిజమేలెండి" అన్నాడు. 

"అయితే ఇంకేం, పైడిరాజు తాళమే పెట్టెలో పెట్టెయ్. ఇప్పటికే ఉందిగా" అంది మెహరున్నీసా, కాఫీ తెమ్మన్నంత తేలిగ్గా.

ఇంటికి గడియ కావాలన్నాడు సరే, ఆ గడియ మీద పక్కింటివాడి పేరుంటుందని చంద్రమౌళి అనుకోలేదు. తన భాష, తన పెట్టె, తన భార్య గొంతు, అన్నిటి మీదా పైడిరాజు! 

"ఆ తాళం బరువండీ. బ్యాటరీ తాగేస్తుంది. రోజుకి రెండుసార్లు చార్జింగ్ పెట్టాలి. నేను తేలికది రాస్తాను" అన్నాడు.

బరువుకి కారణం ఉంది. పైడిరాజు తాళం ప్రతి మాటనీ ఒకే సైజు మూట కట్టేది. 'ఊ' అన్నా, ఊరి పురాణం చెప్పినా, మూటలన్నీ ఒకటే కొలత. మాట చిన్నదైతే మిగతా చోటంతా తవుడు నింపేది. చంద్రమౌళి తవుడు తీసేశాడు. తాళం మాత్రం లోకమంతా పరీక్షించి ఒప్పుకున్న లెక్కే వాడాడు. దాన్ని విప్పడం ఎవరి తరమూ కాదు. మాటని బాగా నొక్కి, ఎంత చిన్న మూట వీలైతే అంత చిన్న మూట కట్టి, ఆ తర్వాత తాళం వేశాడు. తన పనితనానికి తానే మురిసిపోయాడు.

పెట్టెలోకి ఏది చేరాలన్నా ల్యాబులో ఒక ఆచారం ఉంది. పేరు చదివింపు. రాసినవాడు కాకుండా మరొకరు, అందరి ముందూ కూర్చుని, మొదటి వరస నుంచి చివరి వరస దాకా పైకి చదవాలి. ఎక్కడ నాలుక తడబడితే అక్కడ ఆగి, రాసినవాణ్ణి నిలదీయాలి. ఈ ఆచారం పెట్టినవాడు చంద్రమౌళే. తాళాల సంగతి తెలిసి చదవగలిగినవాడు పైడిరాజొక్కడే. అందుకని చంద్రమౌళి తన తాళం చదివింపుని, పైడిరాజు పైడితల్లమ్మ సిరిమాను సంబరానికి విజయనగరం వెళ్లిన రోజున పెట్టుకున్నాడు. చదివింది మెహరున్నీసా. ఆవిడ గొంతుల డాక్టరు, తాళాల మనిషి కాదు. గడగడా చదివేసింది, ఎక్కడా తడబడలేదు. అర్థమైతే కదా తడబడటానికి!

ప్రసాదంతో తిరిగొచ్చిన పైడిరాజు తెరవైపు చూసి నొచ్చుకున్నాడు. "అదేటి గురువుగారూ, ఒక్కరోజు ఆగలేకపోయారా? తవుడు తీసేశారేటి?"

"బ్యాటరీ కోసం."

"తవుడు ఊరికే పెట్టలేదండి నేను."

"చిల్లుందంటావా? నిరూపించు. పెట్టెలో చేరింది, మళ్లీ ఏడాది దాకా తియ్యం. రూలు తెలుసుగా."

పైడిరాజు ప్రసాదం అందరికీ పంచాడు. చంద్రమౌళికి రెండుసార్లు పెట్టాడు.

కొత్త తాళం హిట్టయింది. పట్టీ పెట్టుకున్నవాళ్లందరూ రోజుకి ఒక్క చార్జింగుతో గడిపేస్తున్నారు. అనకాపల్లి బెల్లం మార్కెట్లో వేలంపాట పాడే వ్యాపారి ఒకాయన, పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఆగకుండా పాడుతున్నానని మెచ్చుకుంటూ బెల్లం దిమ్మ పంపాడు. ఇందుమతి కూడా, "బాగుందండీ, హాయిగా ఉంది" అంది. చంద్రమౌళి ఛాతీ ఉప్పొంగింది. అది ఒక వారం పాటు ఉప్పొంగే ఉంది.

తర్వాత, సంక్రాంతి వెళ్లాక ఒక ఆదివారం పైడిరాజు ఫోను చేశాడు. "ఏటి వదినా, గొంతు తేనెలా ఉంది, తమ్ముడికి తేనె పొయ్యరేటి?" అన్న మాట ఫోన్లోంచి వంటగది దాకా వినిపించింది. ఇందుమతి నవ్వింది. కొత్త గొంతు వచ్చాక ఆమె అంతసేపు నవ్వడం చంద్రమౌళి వినలేదు. తనతో మాట్లాడేటప్పుడు పాలు, కరెంటు బిల్లు, డాక్టరు అపాయింట్‌మెంటు. పైడిరాజుతో అయితే నవ్వు. ఏం చెబుతాడు వాడు అంతగా నవ్వడానికి? ఈవిడ ఏం దాచుకుంటుంది?

పైడిరాజు నోరు మూయించాలని చంద్రమౌళి తన తాళానికి తానే పరీక్ష పెట్టాడు. బ్యాటరీ పరీక్ష అని ఇందుమతికి చెప్పి, గింజ నుంచి పట్టీకి వెళ్లే మూటల్ని ఇంట్లో ఒక యాంటెన్నాతో పట్టి దాచాడు. తాళం చెక్కుచెదరలేదు. లోపలేముందో తెలియదు. కానీ మూటల సైజులు కనిపిస్తున్నాయి. చిన్నది, చిన్నది, పెద్దది, నడిమిది. 

పేరంటంలో కొందరు పెద్దమ్మలుంటారు. ఇచ్చిన పొట్లం విప్పరు. వేళ్లతో ఒక్కసారి నొక్కి, చీరో జాకెట్టు ముక్కో చెప్పేస్తారు. చంద్రమౌళి అలాంటి పెద్దమ్మనొకదాన్ని కంప్యూటర్లో తయారుచేశాడు. ఇందుమతి పైకన్న మాటలు, వాటి మూటల సైజులు దానికి నేర్పాడు. నాలుగు రోజుల్లో అది ఊహించడం మొదలెట్టింది. ప్రతి మూటల వరసకీ మూడు ఊహలు చెప్పేది. శివరాత్రి నాడు, ఉపవాసపు ఫలహారం ముందు కూర్చుని ఇందుమతి "బాగుంది" అంది. దానికి ముందు ఆమె మింగిన మాటని తెర చూపించింది: 'మళ్లీ అదే ఉప్మా.'

చంద్రమౌళికి నవ్వొచ్చింది. ఆ వెంటనే నవ్వు ఆగిపోయింది. చిల్లుంది. ఆ తవుడే కాపలా. దాన్ని తనే ఊడ్చి పారేశాడు. పట్టీ పెట్టుకున్న ప్రతివాళ్ల కడుపులో మాటా, యాంటెన్నా ఉన్న ఎవడి చేతికైనా దొరుకుతుంది. 

అప్పుడే లేచి ల్యాబుకి వెళ్లాల్సింది. వెళ్లలేదు. వెళితే పైడిరాజు గెలుస్తాడు. చదివింపు ఆ రోజే ఎందుకు పెట్టావని అడుగుతారు. ఈ రెండూ తనకి తాను చెప్పుకున్న కారణాలు. చెప్పుకోనిది ఇంకోటుంది. మళ్లీ ఆదివారం వస్తుంది, పైడిరాజు ఫోను చేస్తాడు, ఆమె నవ్వుతుంది. ఆ నవ్వు కింద మింగేదేమిటో తెలుసుకునే దారి ఇప్పుడు తన చేతిలో ఉంది.

యంత్రం ఊహల్ని చదివి వినిపించేలా చెవిలో ఒక ఇయర్‌ఫోను పెట్టుకున్నాడు. క్రికెట్ కామెంటరీ అని చెప్పాడు. ఇందుమతి నమ్మింది. 

ఆదివారాలు వచ్చాయి, పోయాయి. పైడిరాజుతో మాట్లాడేటప్పుడు ఇందుమతి దాదాపు ఏమీ మింగేది కాదు. వచ్చింది వచ్చినట్టు అనేసేది. చంద్రమౌళికి ఇది ఊరట కావాలి. అసూయ ఉన్నవాడికి ఊరట కూడా ముల్లే. 'వాడి దగ్గర దాపరికం లేదన్నమాట' అనుకున్నాడు. ఆమె మింగడమంతా తన దగ్గరే. అతను గదిలోకి రాగానే చెవిలో యంత్రం గొంతు మొదలయ్యేది. 'అలసిపోయాను.' 'ఇప్పుడేం అంటాడో.' 'నవ్వితే ఎందుకు నవ్వావంటాడు.' మూడు ఊహల్లో ఏది నిజమో యంత్రానికే తెలియదు. చంద్రమౌళి మాత్రం మూడింట్లో ఏది ఎక్కువ మండిస్తుందో దాన్నే నిజమని పట్టుకునేవాడు. 

ఒకే ఒక్క మాటకి మాత్రం మూడు ఊహలూ ఒక్కటే వచ్చేవి. అతను ల్యాబు గొడవలు చెప్పినప్పుడల్లా, పైడిరాజు మీద విసుక్కున్నప్పుడల్లా, ఆమె "అవునా" అనేది. దానికి ముందు మింగేది: 'పాపం.'

పెళ్లాం పరాయివాణ్ణి తలుచుకుంటుందేమోనని చెవి పెట్టాడు. ఆమె తలుచుకుంటున్నది తననే, అదీ జాలితో. దానికన్నా ఇదే ఎక్కువ మండింది. అయినా ఇయర్‌ఫోను తీయలేదు. పుండు గోక్కునేవాడికి గోరు తీయబుద్ధి కాదు.

ఆవకాయ రోజులు వచ్చాయి. పోర్టువాళ్లు ఇందుమతిని మళ్లీ ఉద్యోగంలోకి తీసుకోడానికి ఒప్పుకున్నారు. ముందు సిగ్నల్ స్టేషన్లో ఒక పరీక్ష పెడతామన్నారు. మధ్యాహ్నం భోజనాల దగ్గర ఆమె ఆ సంగతి చెప్పింది. ముఖం వెలిగిపోతోంది.

"సోమవారం రమ్మన్నారండీ. నిజం ఓడతోనే మాట్లాడాలట."

చంద్రమౌళి చెవిలో యంత్రం గొంతు అంది: 'మీరు రాకండి. మీరుంటే గొంతు పెగలదు.'

"సరే, నేను రాన్లే" అన్నాడు చంద్రమౌళి, కంచంలోకి చూస్తూ.

ఇందుమతి చెయ్యి అన్నంలోనే ఆగిపోయింది. "ఏమన్నారు?"

"రానన్నాను. వద్దన్నావుగా."

"నేననలేదు."

"అన్నావు."

"అనలేదు" అంది ఇందుమతి. ఓడలకి దారి చెప్పినదామె. ఒక్క మాట ఎక్కువైనా తక్కువైనా ఇనుము గట్టుకి తగులుతుంది. ఏం అందో, ఏం అనలేదో ఆమెకి పొరపాటు రాదు. చంద్రమౌళి చెవివైపు చూసింది. ఈ వేళప్పుడు ఏ దేశంలోనూ క్రికెట్ లేదు.

ఆమె అతని ముఖంలోకి కళ్లార్పకుండా చూస్తూ కూర్చుంది. పెదవులు కదల్లేదు. చంద్రమౌళి మజ్జిగ వంచుకుంటున్నాడు. చెవిలో యంత్రం, ఎండ ఎక్కువగా ఉందన్నంత చల్లగా, చదివింది: 'నేను పైడిరాజుతో వెళ్లిపోతున్నాను.'

మజ్జిగ కంచం దాటి, బల్ల దాటి, అతని పంచె మీదికి కారింది. అతను గిన్నె నిలబెట్టలేదు. ముఖం సున్నం కొట్టినట్టయింది.

"చెవిలోది తియ్యండి" అంది ఇందుమతి పైకి.

తీశాడు.

"అబద్ధం అది. మీ మొహం చూద్దామని అనుకున్నాను. చూశాను." కంచం పక్కకి నెట్టింది. "ఎప్పట్నుంచి?"

"శివరాత్రి నుంచి."

"పట్టీ పెట్టుకున్నవాళ్లందరివీ వినొచ్చా ఇలాగ?"

అతను తలూపాడు.

"పాపం ఆ బెల్లం ఆయన" అంది ఇందుమతి. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. "నా గొంతు క్యాన్సర్ తీసుకుంది. అడక్కుండా తీసుకుంది. మీరూ అంతే చేశారు. అది కనీసం రోగం."

"ఇందూ, నేను... వాడితో నువ్వు నవ్వుతుంటే నాకు..."

"తెలుసు. రోజూ చూస్తున్నాగా. పైడిరాజు తమ్ముడి లెక్క నాకు. ఆ మాట మీరు అడిగుంటే పైకే చెప్పేదాన్ని."

చేతులు కడుక్కొచ్చి, రెండు చేతులూ మెడ వెనక్కి పెట్టి పట్టీ విప్పింది. మజ్జిగ మరకల పక్కన బల్ల మీద పెట్టింది. చెప్పులేసుకుని ఆటో ఎక్కి, ల్యాబుకి వెళ్లిపోయింది. మెహరున్నీసాకి జరిగిందంతా ఫోన్లో టైపు చేసి చూపించింది.

సాయంత్రంలోగా పట్టీ వాడే ప్రతి ఇంటికీ కబురు వెళ్లింది. కొత్త తాళం వచ్చేదాకా పట్టీలు తీసెయ్యండి, మీ మాటలకి కాపలా లేదు. పెట్టెలో ఉన్న వస్తువు కదా, ప్రతి ఆస్పత్రీ అదే వాడింది. చేతికందితేనే వాడతారని చంద్రమౌళి అన్నది అక్షరాలా నిజమైంది. గొంతులు తిరిగొచ్చిన మనుషులందరూ మళ్లీ మూగబోయారు. బెల్లం వ్యాపారి సీజను మధ్యలో పాట ఆపి ఇంట్లో కూర్చున్నాడు. ఒక తల్లి తన బిడ్డకి ఫోన్లో వినిపించే జోలపాట ఆగిపోయింది. ఇందుమతి పోర్టు పరీక్ష వాయిదా పడింది.

మర్నాడు మీటింగులో చంద్రమౌళి నిలబడి అన్నీ చెప్పాడు. చదివింపు ఆ రోజే పెట్టడం, తవుడు, యాంటెన్నా, ఇయర్‌ఫోను. మెహరున్నీసా కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టింది. ఆవిడకి కోపమొస్తే గొంతు తగ్గుతుంది.

"నాకు అర్థం కాకుండా చదివించావు. అది నా తప్పు కూడా, సంతకం పెట్టింది నేనే. కానీ శివరాత్రికి తెలిసింది నీకొక్కడికే. ఇన్నాళ్లూ అందరి నోళ్లూ తెరిచి ఉంచావు."

ఆవిడ పైడిరాజు వైపు తిరిగింది. "నువ్వు మొదటి నుంచీ వద్దంటున్నావు. తాళాన్ని పెట్టెలోంచి తీసేద్దాం, అంతేనా?"

చంద్రమౌళి తల వంచుకుని ఆ దెబ్బ కోసం ఎదురుచూశాడు. అది పడలేదు.

"తియ్యొద్దండి" అన్నాడు పైడిరాజు. "తీసేస్తే మళ్లీ గడియల్లేని తలుపులే. ఆ మాట గురువుగారు చెప్పింది రైటే. నా తాళం మాత్రం ఎవరు చదివారండి? నేనూ ఒక్కణ్ణే రాసుకున్నాను. రేపు నన్ను బస్సు గుద్దేస్తే ఆ తాళం కూడా అనాథే. పెట్టెలోనే ఉండాలి, కానీ వేరే సొరుగులో ఉండాలి. పెట్టె కదలకుండా సొరుగొక్కటే ఆ రోజుకారోజు మార్చేలాగ. ఇంకోటండి, అది ఏ ఒక్కడి పేరు మీదా ఉండకూడదు."

గదిలో అందరూ తలలూపారు. చంద్రమౌళి కూడా ఊపాడు. సిగ్గుతో చచ్చిపోతున్నాడు, నిజమే. కానీ ఆ సిగ్గు అడుగున, ఇంత జరిగాక కూడా, ఒక చిన్న మంట వెలుగుతూనే ఉంది. మంచితనంలో కూడా వీడే ముందా!

పెట్టె పెత్తనం చంద్రమౌళి దగ్గర్నుంచి తీసుకున్నారు. ఉద్యోగం ఉంచారు. కొత్త తాళం ముగ్గురు కలిసి రాశారు, బయటి ఊళ్ల నుంచి వచ్చినవాళ్లు చదివారు. తవుడు తిరిగొచ్చింది. వానలు పడేసరికి గొంతులూ తిరిగొచ్చాయి, రోజుకి రెండు చార్జింగులతో. ఎవరూ సణుక్కోలేదు.

ఇందుమతి పోర్టు పరీక్షకి ఒక్కతే వెళ్లింది. నెగ్గింది. ఉద్యోగంలో చేరింది. పొద్దున్నే పట్టీ పెట్టుకుని గడప దాటేది. సాయంత్రం తిరిగొచ్చి, చెప్పులకన్నా ముందు పట్టీ విప్పేది. చంద్రమౌళికి వడ్డించేది, బట్టలు తీసేది, అడిగినదానికి తలూపేది. ఇల్లు మునుపట్లాగే నడిచింది, మాట ఒక్కటి తప్ప.

చంద్రమౌళి చాలా రోజులు ఓపిక పట్టాడు. ఒక సాయంత్రం ఇక ఆగలేక ఆమె ముందు కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"ఇందూ, ఈ తాళం నేను పదిసార్లు చూశాను. దీన్ని నేను కాదు కదా, ఎవడూ వినలేడు. యాంటెన్నా విరిచి పారేశాను. ఇప్పుడు భయం లేదు. ఇంట్లో కూడా పెట్టుకో."

ఆమె ఫోను తీసి, నెమ్మదిగా టైపు చేసి, అతని ముందు పెట్టింది.

'తాళం మంచిదే. తెలుసు. అందుకే బయట పెట్టుకుంటున్నాను.'

"మరి ఇంట్లో?"

ఫోను వెనక్కి తీసుకుని ఇంకో వరస రాసింది.

'ఇంట్లో మింగాల్సినవి ఎక్కువ. గొంతు నొప్పెడుతుంది.'

అతను ఆ వరసని చాలాసేపు చదివాడు. ఇంతలో ఆమె చేతిలోనే ఫోను మోగింది. తెర మీద పైడిరాజు పేరు. ఇందుమతి దాచలేదు, తిప్పలేదు. గుమ్మం దగ్గరి పట్టీ తీసి మెడకి పెట్టుకుంటూ, బాల్కనీలోకి వెళ్లి తలుపు దగ్గరగా వేసింది. గడియ పెట్టలేదు.

తలుపు సందులోంచి ఆమె నవ్వు వినిపించింది. ఆ తర్వాత మాటలు, పైకి అన్నవే, లేచి నాలుగడుగులు వేస్తే ఏ తాళమూ అడ్డం లేని మాటలు. చంద్రమౌళిలో పాత మంట భగ్గుమంది. కుర్చీ వెనక్కి నెట్టి లేచాడు. తలుపు దాకా వెళ్లలేదు. వంటింట్లోకి వెళ్లి, పొద్దున్న వేయించి ఉంచిన కొబ్బరీ మిరపకాయలూ మిక్సీలో వేసి, మీట చివరిదాకా తిప్పాడు. ఇల్లంతా హోరెత్తిపోయింది, బాల్కనీ మాట ఒక్కటీ చెవిన పడలేదు. పచ్చడి ఎప్పుడో మెత్తబడిపోయింది. బాల్కనీ తలుపు తెరుచుకునేదాకా అతను మీట మీంచి చెయ్యి తీయలేదు.